బిల్లు సేవ్ కాలేదు, స్టాక్ మాత్రం తగ్గింది

ప్రశ్న: మాది తెనాలిలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. నాన్నగారు మొదలుపెట్టారు, లెక్కలు నేను చూస్తాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 2015లో పెట్టించాం. దాని వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ ఉందట. తొమ్మిది కంప్యూటర్ల మీద తొమ్మిది మంది పని చేస్తారు. పోయిన నెలాఖరులో, బాగా రద్దీగా ఉన్నప్పుడు, బిల్లు సేవ్ చేస్తుంటే ‘ప్రైమరీ ఫైల్‌గ్రూప్ ఈజ్ ఫుల్’ అని ఎర్రర్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ వేసిన అతను వచ్చి, ఏవో పాత వివరాలు తీసేసి, ‘ష్రింక్’ చేసి వెళ్ళాడు. ఇప్పుడు పని నడుస్తోంది. ఆ రోజు కొన్ని బిల్లులు సేవ్ కాలేదు గానీ స్టాక్ మాత్రం తగ్గిపోయింది, అవి చేత్తో సరిచేసుకున్నాం. మళ్ళీ డేటాబేస్ 10 జీబీకి చేరితే ఆగిపోతుంది, పదిహేను వేలు ఇస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనే పెద్దదైన ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ వేసిపెడతాను అంటున్నాడతను. మా ఆడిటర్ గారేమో సరైన లైసెన్స్ కొనమంటున్నారు. ఐటీలో ఉన్న మా తమ్ముడు పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్‌కి మారిపొమ్మంటున్నాడు, అది ఉచితమట. నెలాఖరు వస్తోందంటే టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అడిగింది 10 జీబీ గురించి. దానికి దారులున్నాయి, చెబుతాను. కానీ మీ ఉత్తరంలో పక్కన ఎక్కడో రాసిన ఒక వాక్యం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బిల్లు సేవ్ కాలేదు, స్టాక్ మాత్రం తగ్గిపోయింది అన్నారు. చేత్తో సరిచేసుకున్నాం కదా అని మీరు దాన్ని వదిలేశారు. అది వదిలేయాల్సిన విషయం కాదు. మీరు లక్షలు పోసి ఏ ఎడిషన్ కొన్నా ఆ జబ్బు అలాగే ఉంటుంది, ఎందుకంటే అది డేటాబేస్‌లో లేదు, దాని మీద రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మీ కౌంటర్‌లో ఒకరు బిల్లు కొట్టి సేవ్ నొక్కినప్పుడు లోపల కనీసం నాలుగు పనులు జరగాలి. బిల్లు నంబరు, తేదీ, పార్టీ పేరు ఒక టేబుల్‌లోకి వెళ్ళాలి. అందులోని మందులు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, రేటు ఒక్కొక్క వరుసగా ఇంకో టేబుల్‌లోకి వెళ్ళాలి. స్టాక్ టేబుల్‌లో ఆ బ్యాచ్ పక్కనున్న అంకె తగ్గాలి. పార్టీ లెడ్జర్‌లో బాకీ పెరగాలి. జరిగితే ఈ నాలుగూ జరగాలి, ఒక్కటి ఆగినా ఏదీ జరగనట్టే ఉండాలి. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్, డీబీ2 లాంటి డేటాబేస్‌లకి వ్యాపారాలు డబ్బు పెట్టేది ముఖ్యంగా ఈ హామీ కోసమే. సేవ్ మధ్యలో కరెంటు పోయినా సరే, మళ్ళీ ఆన్ చేయగానే సగంలో ఉన్న పనిని డేటాబేస్ తనంతట తానే వెనక్కి తీసేస్తుంది.

ఈ సౌకర్యం మీ ఉచిత ఎక్స్‌ప్రెస్‌లోనూ పూర్తిగా ఉంది. కాకపోతే అడగాలి. ‘ఈ నాలుగూ కలిపి ఒకటే పని’ అని ప్రోగ్రామ్ రాసినవాళ్ళు చెప్పకపోతే, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కో ఆదేశాన్ని విడి పనిగా తీసుకుని, అయినదాన్ని అయినట్టు ఖాయం చేసేస్తుంది. మీ దగ్గర జరిగింది ఇదేనని నా గట్టి అనుమానం. ఎలాగంటే, స్టాక్ తగ్గించడం అంటే ముందే ఉన్న వరుసలో ఒక అంకె మార్చడం. 120 ఉన్నచోట 80 రాయడానికి కొత్త చోటు అక్కర్లేదు, ఫైలు నిండిపోయినా అది జరిగిపోతుంది. కొత్త బిల్లు రాయాలంటే మాత్రం కొత్త చోటు కావాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాని 8 కేబీ పేజీలుగా దాచుకుంటుంది. ఉన్న పేజీలు నిండితే ఫైలు పెరగాలి, 10 జీబీ గీత దగ్గర పెరగలేదు, అక్కడ 1105 నంబరు ఎర్రర్ ఇచ్చి ఆగింది. స్టాక్ తగ్గడం ఖాయమైంది, బిల్లు రాయడం ఆగిపోయింది. అదే రోజు కొన్ని బిల్లులు మామూలుగా సేవ్ అవడానికీ కారణం ఇదే అయ్యుంటుంది: పాత పేజీల్లో అక్కడక్కడా మిగిలిన చోటులో అవి పట్టాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ రోజు అమ్మకాల్లోని ప్రతి బ్యాచ్‌కీ లెక్క తీయడం. అంతకుముందు స్టాక్ ఎంత, కొన్నది ఎంత, అమ్మింది ఎంత, రిటర్న్ వచ్చింది ఎంత, ఇప్పుడు కంప్యూటర్ ఎంత చూపిస్తోంది, ర్యాక్‌లో ఎంత ఉంది. మీ కంట పడ్డవాటిని సరిచేశారు. పడనివి కూడా ఉండవచ్చు. లెడ్జర్‌లో బాకీ ఎక్కి బిల్లు లేని పార్టీ ఎవరైనా ఉన్నారేమో అదీ చూడండి. అలాంటిది పార్టీతో గొడవ దాకా వెళ్తుంది.

సాఫ్ట్‌వేర్ అతన్ని ఒకటే అడగండి: “బిల్లు సేవ్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉందా? మధ్యలో ఎర్రర్ వస్తే రోల్‌బ్యాక్ అవుతుందా?” రోల్‌బ్యాక్ అంటే చేసినదంతా వెనక్కి తీయడం. ఉంది అని నోటితో అంటే సరిపోదు, చూపించమనండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి కూడా, ఎర్రర్‌ని పట్టించుకోకుండా చివర కమిట్ కొట్టేసే, అంటే అయినంతవరకు ఖాయం చేసేసే, ప్రోగ్రామ్‌లున్నాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొన్ని ఎర్రర్లకు ఆ ఒక్క ఆదేశమే ఆగుతుంది, మిగతా ట్రాన్సాక్షన్ బతికే ఉంటుంది. ‘ఎక్సాక్ట్ అబార్ట్’ అనే సెట్టింగ్ ఆన్‌లో పెడితేనో, ఎర్రర్‌ని పట్టుకునే ట్రై-క్యాచ్‌లో రోల్‌బ్యాక్ రాస్తేనో మొత్తం వెనక్కి పోతుంది. ఈ రెండు మాటలూ అతనికి చెప్పండి, మీరేం అడుగుతున్నారో అతనికి అర్థమవుతుంది. దీన్ని సరిచేయడానికి అతను డబ్బు అడిగితే ఇవ్వండి. ఆ పదిహేను వేలు పెట్టాల్సింది ఇక్కడ.

ఇక 10 జీబీ సంగతి. ఎక్స్‌ప్రెస్‌లో ఈ హద్దు ఒక్కో డేటాబేస్‌కి, అదీ డేటా ఫైలుకి మాత్రమే. 2005, 2008 వెర్షన్లలో 4 జీబీ ఉండేది, 2008 ఆర్2 నుంచి 10 అయింది. లాగ్ ఫైలు, అంటే ఎల్‌డీఎఫ్ అని చివర ఉండేది, ఈ లెక్కలోకి రాదు. అది పెద్దదైందని ఎవరైనా డిలీట్ చేస్తామంటే ఒప్పుకోకండి. సగంలో ఉన్న పనిని వెనక్కి తీయాలన్నా, అయిన పనిని నిలబెట్టాలన్నా ఆధారం ఆ ఫైలే. అది మరీ పెరుగుతోందంటే, రికవరీ మోడల్ అనే సెట్టింగ్‌ని ‘ఫుల్’లో పెట్టి లాగ్ బ్యాకప్ తీయడం లేదని సాధారణంగా అర్థం.

ష్రింక్ చేశాడన్నారు కదా, అంటే ఫైలు సైజు కుదించడం. డబ్బాలో బియ్యం సగమైతే డబ్బా చిన్నదైపోదు, మళ్ళీ బియ్యం పోసుకోవచ్చు. డేటా తీసేసినప్పుడు ఫైల్లో మిగిలిన చోటూ అలాంటిదే, కొత్త బిల్లులు అందులోకే వెళ్తాయి. దానికి ష్రింక్ అక్కర్లేదు. పైగా ష్రింక్ చేసేటప్పుడు పేజీలు అటూ ఇటూ జరిగి, వివరాలు త్వరగా వెతకడానికి వాడే ఇండెక్సులు చెల్లాచెదురవుతాయి, రిపోర్టులు నెమ్మదిస్తాయి. జరిగిందేదో జరిగింది, ఒకసారి ఇండెక్సులు రీబిల్డ్ చేయించండి. నాకు ఆందోళనగా ఉన్నది అతను ‘ఏవో పాత వివరాలు’ తీసేశాడన్న మాట. ఏవి? జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2023-24కి ఆ గడువు 2024 డిసెంబరు 31, కాబట్టి ఆ ఏడాది లెక్కలు 2030 డిసెంబరు 31 దాకా ఉండి తీరాలి. ఏ టేబుల్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తీసేశాడో కాగితం మీద రాయించుకోండి. ముఖ్యమైనవి పోయాయని తేలితే, తీసేయడానికి ముందు తీసిన బ్యాకప్ ఎక్కడుందో వెంటనే వెతకండి.

తర్వాత, ఆ 10 జీబీ తిన్నదెవరో చూడండి. ఇది మీరే చూడగలరు. సర్వర్ కంప్యూటర్‌లో డేటాబేస్‌ని చూసుకునే మేనేజ్‌మెంట్ స్టూడియో అనే ప్రోగ్రామ్ తెరిచి, మీ డేటాబేస్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, రిపోర్ట్స్‌లో స్టాండర్డ్ రిపోర్ట్స్‌కి వెళ్ళి, ‘డిస్క్ యూసేజ్ బై టాప్ టేబుల్స్’ నొక్కండి. ఒక్కో టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయి, డేటా ఎన్ని కేబీలు, ఇండెక్సులు ఎన్ని కేబీలు, ఎంత ఖాళీగా ఉంది, అన్నీ పెద్దదాని నుంచి వరుసగా వస్తాయి. ఒక వ్యాపారి బిల్లులే 10 జీబీ అవడం అంత తేలిక కాదు. బిల్లులో ఒక లైను 200 బైట్లు అనుకుంటే, కోటి లైన్లకి ఇండెక్సులు కాకుండా 2 జీబీ. మామూలుగా జాబితాలో పైన కనిపించేవి రెండు. ఒకటి, కొనుగోలు బిల్లుల స్కాన్ కాపీలు, ఫొటోలు తెచ్చి టేబుల్‌లోనే పెట్టడం. రెండు, ఎవరు ఎప్పుడు ఏ బటన్ నొక్కారో రాసిపెట్టే ఆడిట్ లాగ్, పెట్టిన రోజు నుంచి ఎవరూ పట్టించుకోనిది.

ఫొటోలే అయితే వాటిని ఒక ఫోల్డర్‌లోకి మార్చి, టేబుల్‌లో ఫైలు ఉన్నచోటు మాత్రం రాయించవచ్చు. అప్పుడు ఆ ఫోల్డర్‌కీ విడిగా బ్యాకప్ ఉండాలి, అది మరవకండి. పాత బిల్లుల టేబుల్సే అయితే డేటాని కుదించి దాచే పేజ్ కంప్రెషన్ అనే సౌకర్యం ఉంది. 2016 వెర్షన్ సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఎక్స్‌ప్రెస్‌లో కూడా ఇచ్చారు. మీ 2014లో లేదు. అది అంకెలూ పేర్లూ ఉన్న టేబుల్స్‌కి బాగా పని చేస్తుంది, ఫొటోలకి పనికిరాదు. పాత ఆర్థిక సంవత్సరాలను వేరే డేటాబేస్‌లోకి మార్చడం ఇంకో దారి. హద్దు ఒక్కో డేటాబేస్‌కే కాబట్టి అది నియమాలకు లోబడిన పనే.

అతను పదిహేను వేలకి వేస్తానంటున్న ఎంటర్‌ప్రైజ్ గురించి సూటిగా చెబుతాను, వద్దు. లెక్క మీరే వేసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ అమెరికాలో ప్రకటించిన ధరల్లో 2022 వెర్షన్ ఎంటర్‌ప్రైజ్ రెండు కోర్‌ల (ప్రాసెసర్‌లోని భాగాల) ప్యాక్ 15,123 డాలర్లు, కనీసం నాలుగు కోర్‌లకి కొనాలి. అంటే 30,246 డాలర్లు. అది పదిహేను వేల రూపాయలకి వస్తోందంటే మూడింట్లో ఒకటి అయ్యుండాలి. దొంగ కాపీ కావచ్చు. డెవలపర్ ఎడిషన్ కావచ్చు, అందులో ఎంటర్‌ప్రైజ్ సౌకర్యాలన్నీ ఉంటాయి, ఉచితమే, కానీ ప్రోగ్రామ్ రాసి పరీక్షించుకోవడానికే, దాని మీద వ్యాపారం నడపకూడదు. లేదా ఎవాల్యుయేషన్ ఎడిషన్ కావచ్చు. అదైతే 180 రోజులకి గడువు అయిపోయి డేటాబేస్ సర్వీసే లేవదు. ఆరు నెలల తర్వాత ఒక పొద్దున షాపు తెరిచేసరికి తొమ్మిది కంప్యూటర్లూ ఖాళీగా కూర్చుంటాయి. లైసెన్స్ బాధ్యత వాడుకునే మీదే, వేసిపెట్టిన అతనిది కాదు.

ఆడిటర్ గారి సలహా నిజాయితీగలది. సరైన లైసెన్స్ అంటే మీకు స్టాండర్డ్ చాలు. అదీ కోర్‌ల లెక్కన కాకుండా సర్వర్ ప్లస్ క్యాల్ (వాడేవారి లెక్కన తీసుకునే లైసెన్స్) పద్ధతిలో. 2022కి అమెరికా ధరల్లో సర్వర్‌కి 989 డాలర్లు, ఒక్కో మనిషికో కంప్యూటర్‌కో 230. మీ తొమ్మిదికి కలిపి 3,059 డాలర్లు. కోర్‌ల లెక్కన అయితే కనీసం 7,890. ఇక్కడి డీలర్ ధర, పన్ను వేరుగా ఉంటాయి, కొటేషన్ తెప్పించుకోండి. మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టి అందరినీ ఒకే కనెక్షన్‌లో తెస్తే ఒక్క క్యాల్ చాలని ఎవరైనా అంటే నమ్మకండి. చివర వాడే ప్రతి మనిషికో ప్రతి కంప్యూటర్‌కో క్యాల్ ఉండాల్సిందే.

అయితే అంత ఖర్చు మీకు ఇప్పుడే అవసరమని నేననుకోను. 2025 నవంబరులో వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025లో ఎక్స్‌ప్రెస్ హద్దుని 50 జీబీ చేశారు. ఉచితమే, వ్యాపారానికి వాడుకోవచ్చు. మీరున్న 2014కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 జులై 9తో ముగిసింది, మామూలుగా భద్రతా సవరణలు కూడా ఇక రావు. కాబట్టి 10 జీబీ గొడవ లేకపోయినా మీరు మారాల్సిన సమయం దాటిపోయింది. మారేముందు రెండు సంగతులు. కొత్త వెర్షన్‌లోకి ఎక్కిన డేటాబేస్‌ని పాత వెర్షన్‌లోకి తిరిగి దించలేం, కొత్తదాంట్లో తీసిన బ్యాకప్‌ని పాతది తీసుకోదు. అందుకే ఉన్న మెషీన్‌ని కదపకుండా, వేరే కంప్యూటర్‌లో 2025 వేసి, అందులోకి మీ బ్యాకప్ రిస్టోర్ చేసి, వారం పాటు మీ సాఫ్ట్‌వేర్‌ని దాని మీద నడిపి చూడమనండి. బిల్లు, రిటర్న్, నెలాఖరు రిపోర్టు, జీఎస్టీ రిపోర్టు, అన్నీ. కొత్త వెర్షన్‌ని పాతదానిలా నడిపించే కంపాటిబిలిటీ లెవెల్‌ని 2014 స్థాయి అయిన 120 మీదే ఉంచుకునే వీలుంది, పాత ప్రోగ్రామ్‌కి అది సాయపడుతుంది. రెండోది, ఆ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంటే కొత్తది ఎక్కదు.

హద్దు 50 జీబీకి పెరిగినా ఎక్స్‌ప్రెస్ డేటాని పెట్టుకోవడానికి వాడే మెమరీ 1,410 ఎంబీకి మించదు, కోర్‌లు నాలుగుకి మించవు. 32 జీబీ ర్యామ్ వేయించినా వృథా. రోజంతా బిల్లులు నత్తనడకన నడిచి, రిపోర్టు తీస్తే కౌంటర్లన్నీ ఆగిపోయే పరిస్థితి వచ్చిందంటే, అదీ ఇండెక్సులు సరిచేశాక కూడా అలాగే ఉంటే, అప్పుడు స్టాండర్డ్ కొనండి. అప్పుడు పెట్టిన డబ్బుకి ఫలితం కనిపిస్తుంది.

తమ్ముడు చెప్పిన పోస్ట్‌గ్రెస్ మంచి డేటాబేసే, అందులో సందేహం లేదు. కానీ మీ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ భాషలో రాసినది. లోపలున్న ప్రొసీజర్లన్నీ, అంటే డేటాబేస్‌లోనే ఉండే ప్రోగ్రామ్ ముక్కలన్నీ, తిరగరాయాలి, మళ్ళీ పరీక్షించాలి. ట్రాన్సాక్షన్ సరిగ్గా రాయని చేతులతోనే అదంతా రాయిస్తే మీ కష్టం రెట్టింపవుతుంది. రేపెప్పుడైనా సాఫ్ట్‌వేరే మార్చాలనుకుంటే అప్పుడు ఆ మాట ఎత్తండి.

మీ ఉత్తరంలో బ్యాకప్ అన్న మాట లేదు. అందుకే చెబుతున్నాను. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ ఉండదు, అంటే ఫలానా టైముకి తనంతట తాను బ్యాకప్ తీసే ఏర్పాటు రాదు. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌తో రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్, మధ్యాహ్నం ఒక డిఫరెన్షియల్ (ఫుల్ తర్వాత మారినవి మాత్రమే తీసే బ్యాకప్) పెట్టించండి. చిన్న పని, గంటలో అవుతుంది. సాయంత్రం సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడాన్ని బ్యాకప్ అనుకునే షాపులు చాలా ఉన్నాయి. ఆ ఫోల్డర్‌లో తరచూ ప్రోగ్రామ్ మాత్రమే ఉంటుంది, డేటా ఇంకెక్కడో ఉంటుంది. డేటా ఫైలు దొరికినా, సర్వర్ నడుస్తుండగా అది కాపీ కానివ్వదు. తీసిన బ్యాకప్‌ల్లో ఒక కాపీ ఆ కంప్యూటర్‌కి తగిలించి ఉండని డిస్క్‌లో, వీలైతే ఇంట్లో ఉండాలి. ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా వదలదు. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేయించి, నిన్నటి చివరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. కొత్త వెర్షన్‌ని పరీక్షించడానికి ఎలాగూ ఒకసారి రిస్టోర్ చేస్తారు కాబట్టి ఆ పనితోనే ఇది మొదలుపెట్టవచ్చు.

చివరగా ‘ఎస్‌ఏ’ అనే ముఖ్య లాగిన్ పాస్‌వర్డ్. ఇలాంటి చోట్ల అది తరచూ సాఫ్ట్‌వేర్ అతని దగ్గరే ఉంటుంది, అతను వేసిన షాపులన్నిటికీ అదే పాస్‌వర్డ్ ఉండటమూ మామూలే. మార్పించండి. సాఫ్ట్‌వేర్ వాడే లాగిన్ వేరే పెట్టించి, ఎస్‌ఏ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటి నుంచి చూసుకోవడానికని రౌటర్‌లో బయటి నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి దారి అయిన 1433 పోర్టు తెరిచి ఉంచారేమో అడిగి మూయించండి. ఎస్‌ఏ పాస్‌వర్డ్ అతను ఇవ్వనంటే గాభరా పడకండి. ఆ కంప్యూటర్‌లో విండోస్ అడ్మినిస్ట్రేటర్ హక్కు మీకుంటే చాలు, సర్వర్‌ని సింగిల్ యూజర్ మోడ్‌లో లేపి మీ పేరు మీద పూర్తి హక్కులు తీసుకోవచ్చు. మీ తమ్ముడికి చెబితే ఆ పని అతనే చేసిపెట్టగలడు. టాప్ టేబుల్స్ రిపోర్టు తీశాక పైన ఏవి కనిపించాయో నాకు రాయండి, వాటిని బట్టి కంప్రెషన్ చేయించాలా, పాత సంవత్సరాలను విడదీయాలా అన్నది చెబుతాను.